బిగుతు వదిలిన ఇరవై ఏళ్లకు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం ఆనవాయితీ. కార్యదర్శిగారు మాత్రం నన్ను నా వృత్తికి సంబంధించిన విషయమే మాట్లాడమన్నారు. దానికి కారణం ఉంది. ట్రస్టుకు వచ్చే వైద్య సహాయం దరఖాస్తుల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల తల్లిదండ్రులవి కూడా ఉంటున్నాయట. "వెన్నులో ఆపరేషన్ చేస్తే పిల్లవాడు నడుస్తాడంటున్నారు, ఉన్న బంగారం తాకట్టు పెట్టాం, మిగిలింది మీరు సాయం చేయండి" అని రాస్తున్నారట. ఆ ఆపరేషన్ ఏమిటి, అది చేయించుకున్న పిల్లలు పదేళ్లకు, ఇరవై ఏళ్లకు ఎలా ఉన్నారు అన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్న విషయం.

ఇది పోలియో కాదు

మన ఇళ్లలో ఈ జబ్బును ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలుస్తారు. నరాల బలహీనత అంటారు. కొందరు పోలియో అనేస్తారు. పోలియోలో కాలు పట్టు లేక వేలాడిపోతుంది. ఇందులో సాధారణంగా కాలు బిగుసుకుంటుంది. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో, ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగలడం వల్ల వచ్చేది సెరిబ్రల్ పాల్సీ. పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చినందువల్ల ఇది రాదు. ఎవరి పాపమూ కాదు. 1862లోనే లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు, నెలలు నిండకుండా పుట్టడానికీ, కష్టమైన కాన్పుకూ, పిల్లల కాళ్ల బిగుతుకూ ఉన్న సంబంధాన్ని వివరంగా ప్రచురించాడు. చాలాకాలం దీన్ని లిటిల్ జబ్బు అనే పిలిచేవారు.

బిగుతు ఎందుకు వస్తుందో విద్యార్థులకు సులభంగానే అర్థమవుతుంది. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది కదా. కండరం సాగిందన్న కబురు నరం ద్వారా వెన్నుపాముకు వెళ్తుంది, "ముడుచుకో" అన్న ఆజ్ఞ వెంటనే తిరిగి వస్తుంది. ఈ రాకపోకలను మెదడు పై నుంచి అదుపు చేస్తూ ఉంటుంది. మెదడుకు దెబ్బ తగిలినప్పుడు ఆ అదుపు సడలుతుంది. చిన్న కదలికకు కూడా కండరం బిర్రబిగుస్తుంది. అందుకే ఆ పిల్లలు మునివేళ్ల మీద నడుస్తారు, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, కాళ్లు కత్తెరలా పెనవేసుకుంటాయి.

ఆపరేషన్ పుట్టుక

వెన్నుపాములోకి కబురు తీసుకువెళ్లే నరాల వేర్లు వెనుక వైపున ఉంటాయి. ఆజ్ఞ తెచ్చేవి ముందు వైపున ఉంటాయి. వెనుక వేర్లను కోస్తే బిగుతు పోతుందని 1898లో చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పిల్లుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. 1908లో అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో ఓట్‌ఫ్రిడ్ ఫోర్స్టర్ మనుషులకు ఈ ఆపరేషన్ మొదలుపెట్టాడు. బిగుతు తగ్గింది కానీ, వేర్లు పూర్తిగా కోయడం వల్ల స్పర్శ దెబ్బతినేది. ఆ భయంతో ఈ పద్ధతి చాలా ఏళ్లు మరుగున పడింది. తరువాత ఫ్రాన్స్‌లో గ్రోస్, ఇటలీలో ఫసానో దాన్ని మెరుగుపరిచారు. ఒక్కొక్క వేరును సన్నని పోగులుగా విడదీసి, విద్యుత్తుతో పరీక్షించి, కొన్ని పోగులనే కోసి మిగతావి ఉంచడం వచ్చింది. 1981 నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వార్విక్ పీకాక్ దీన్ని నడుము కింది భాగంలో, మూత్రవిసర్జనకు సంబంధించిన నరాలను గుర్తించి తప్పించగలిగే చోట చేయడం మొదలుపెట్టాడు. ఇప్పటి ఆపరేషన్‌కు అదే పునాది. దీని పేరు సెలెక్టివ్ డార్సల్ రైజాటమీ. డాక్టర్లు ఎస్.డి.ఆర్. అంటారు. మన దేశంలోనూ కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో చేస్తున్నారు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. బోట్యులినం ఇంజక్షను చేయిస్తే దాని పని కొద్ది నెలలే ఉంటుంది. నచ్చకపోతే మళ్లీ చేయించకుండా ఉండవచ్చు. ఎస్.డి.ఆర్. అలా కాదు. కోసిన పోగును తిరిగి అతికించలేరు. అందుకే దీని ఫలితాన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన నెలకు కాదు, పిల్లవాడు పెద్దవాడయ్యాక చూడాలి.

ఇరవై ఏళ్ల లెక్క

కేప్‌టౌన్‌లో తొలి దశలో ఆపరేషన్ చేయించుకున్న పిల్లలను అక్కడి పరిశోధకులు వదిలిపెట్టలేదు. వారిలో 13 మంది నడకను ఆపరేషన్‌కు ముందు, తరువాత, మళ్లీ 20 ఏళ్లకు కొలిచారు. ఆ వివరాలు 2008లో ప్రచురించారు. మోకాలు, తుంటి కదిలే పరిధి, వేసే అడుగు పొడవు ఇరవై ఏళ్ల తరువాత కూడా ఆపరేషన్‌కు ముందుకంటే మెరుగ్గానే ఉన్నాయి. అంటే తగ్గిన బిగుతు మళ్లీ రాలేదు, దానివల్ల వచ్చిన లాభం కరిగిపోలేదు.

కెనడాలోని మాంట్రియల్‌లో ఆపరేషన్ చేయించుకున్న 102 మంది పిల్లల వివరాలు 2013లో వచ్చాయి. పదేళ్లు, పదిహేనేళ్లు దాటినా లాభం నిలిచిందని, మొదటినుంచే కొంత నడవగలిగిన పిల్లల్లో అది ఎక్కువగా కనిపించిందని తేలింది. అయితే పదిహేనో ఏడు దాకా పరీక్షకు అందినవారు కొద్దిమందే.

ఇక స్వీడన్‌లోని స్టాక్‌హోం చూడండి. అక్కడ 19 మంది పిల్లలను పదేళ్లు గమనించి 2011లో రాశారు. బిగుతు పదేళ్లకు కూడా తగ్గే ఉంది. కానీ కూర్చోవడం, నిలబడటం, నడవడం వంటి సామర్థ్యం మూడో ఏడు వరకు పెరిగి, తరువాత తగ్గుతూ వచ్చింది. కీళ్లు కూడా మళ్లీ పట్టేశాయి. చాలామందికి తరువాత ఎముకల ఆపరేషన్లు అవసరమయ్యాయి. ఆ వ్యాసానికి వారు పెట్టిన పేరులోనే, బిగుతు పోవడానికి నిజంగా అంత విలువ ఉందా అన్న ప్రశ్న ఉంది.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో చిన్నప్పుడు ఆపరేషన్ చేయించుకుని, ఇరవై ఏళ్లు దాటిన 95 మందిని అడిగి 2017లో రాశారు. పదిమందిలో తొమ్మిదిమంది అది తమ జీవితానికి మేలు చేసిందన్నారు. ఇది సంతోషించదగ్గ మాటే. కానీ ఇది నడకను కొలిచి చెప్పినది కాదు, జవాబు ఇచ్చినవారు చెప్పినది. రెండూ ఒకటి కాదు.

అన్ని చోట్లా ఒకే ఆపరేషన్. ఒక చోట లాభం నిలిచిందంటున్నారు, ఇంకో చోట తగ్గిందంటున్నారు. ఎవరిని నమ్మాలి?

పోల్చి చూడాలి

విద్యార్థులు ఇక్కడ శ్రద్ధగా వినాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 1997లో సెరిబ్రల్ పాల్సీ పిల్లల కదలికను ఐదు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయి పిల్లవాడు మెట్లు కూడా పట్టుకోకుండా ఎక్కుతాడు. రెండోవాడు నడుస్తాడు గానీ మెట్లకు, ఎగుడుదిగుళ్లకు ఆధారం కావాలి. మూడోవాడికి వాకరో, కర్రలో కావాలి. నాలుగు, ఐదు స్థాయిల వారికి చక్రాల కుర్చీయే ఆధారం. ఆ బృందమే 657 మంది పిల్లలను గమనించి 2002లో ఒక సంగతి చెప్పింది. ఈ పిల్లలు తమకు సాధ్యమయ్యే కదలికలో 90 శాతం దాదాపు ఐదేళ్లలోపే అందుకుంటారు. 2009లో ఇంకో సంగతి చెప్పింది. మూడు, నాలుగు, ఐదు స్థాయిల పిల్లలు ఏడెనిమిదేళ్ల వయసులో పై మెట్టుకు చేరి, ఆ తరువాత ఏ ఆపరేషన్ లేకపోయినా కొంత వెనక్కి వస్తారు. ఎముక త్వరగా పొడుగవుతుంది, కండరం దాన్ని అందుకోలేదు, ఒంటి బరువు పెరుగుతుంది.

ఈ రెండూ కలిపి చూడండి. మూడేళ్ల పిల్లవాడికి ఆపరేషన్ చేసి ఐదో ఏట "చూడండి, ఎంత మెరుగయ్యాడో" అంటే, అందులో కొంత వయసు తెచ్చిన మెరుగుదల. అలాగే పదహారో ఏట "ఆపరేషన్ పనిచేయలేదు, వెనకబడ్డాడు" అంటే, అందులో కొంత ఎదుగుదల తెచ్చిన నష్టం. ఆపరేషన్ పాలు ఎంతో తెలియాలంటే, అదే స్థాయిలో ఉండి ఆపరేషన్ చేయించుకోని పిల్లలతో పోల్చాలి.

అలా పోల్చినవారు ఉన్నారు. టొరంటో, వాంకూవర్, సియాటిల్ నగరాల్లో పిల్లలను చీటీలు వేసినట్టు రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి ఆపరేషన్, ఫిజియోథెరపీ రెండూ, రెండో వర్గానికి ఫిజియోథెరపీ మాత్రమే ఇచ్చారు. మూడింటినీ కలిపి, 90 మంది పిల్లల లెక్క 2002లో తేల్చారు. సుమారు ఏడాదికి బిగుతు తగ్గడంలో తేడా స్పష్టంగా ఉంది. కదలిక సామర్థ్యంలో మాత్రం నూటికి 4 పాయింట్లే ఎక్కువ. ఇంగ్లండులో 2014 నుంచి 2016 వరకు ఐదు ఆస్పత్రుల్లో 137 మంది పిల్లలకు ప్రభుత్వమే ఆపరేషన్ చేయించి, రెండేళ్లు గమనించింది. వారంతా మూడు నుంచి తొమ్మిదేళ్లలోపు, రెండు, మూడు స్థాయిల పిల్లలు. మామూలుగా ఆశించే ఎదుగుదలకంటే వారు మెరుగుపడ్డారని తేలాకే, 2018 నుంచి తగిన పిల్లలకు ఖర్చు ప్రభుత్వం భరించడం మొదలైంది. తగిన పిల్లలకు అన్నారు, అందరికీ అనలేదు.

అమెరికాలో 2017లో వచ్చిన ఇంకో పోలికలో, పదేళ్లు దాటాక ఆపరేషన్ చేయించుకున్నవారికీ చేయించుకోనివారికీ నడకలో పెద్ద తేడా లేదు. కానీ చేయించుకోనివారికి ఈలోగా ఇతర ఆపరేషన్లు, ఇంజక్షన్లు ఎక్కువ పడ్డాయి.

అంటే అసలు సంగతి ఇది. ఈ ఆపరేషన్ బిగుతును తీసేస్తుంది, అది దాదాపు శాశ్వతం. నడకను మాత్రం అది ఇవ్వదు. బిగుతు పోవడం వేరు, నడక రావడం వేరు.

ఆపరేషన్ చేయలేనిది

మెదడుకు తగిలిన దెబ్బ అలాగే ఉంటుంది. కాబట్టి కండరాల బలహీనత, నిలదొక్కుకునే శక్తి లోపం, ఒక్కొక్క కండరాన్ని విడిగా కదపలేకపోవడం అలాగే ఉంటాయి. అప్పటికే పొట్టిబడిపోయిన కండరం పొడుగవదు. కొంతమంది పిల్లలు ఆ బిగుతు మీదే నిలబడుతూ ఉంటారు. అది పోగానే కాళ్లు తేలిపోతాయి. ఆపరేషన్ తరువాత పిల్లవాడు ముందుకంటే బలహీనంగా కనిపిస్తే తల్లి గుండె జారిపోతుంది. అది ముందే తెలిసి ఉండాలి. ఆ బలాన్ని తిరిగి కట్టుకోవడానికి నెలల తరబడి, చాలామందికి ఏడాది రెండేళ్లు, క్రమం తప్పని వ్యాయామం కావాలి.

వెన్నెముక సంగతి కూడా చెప్పాలి. కేప్‌టౌన్ వారు 30 మందికి 17 నుంచి 26 ఏళ్ల తరువాత ఎక్స్‌రేలు తీస్తే, సగానికి పైగా వెన్ను పక్కకు వంగి ఉంది. ఎక్కువమందిలో అది స్వల్పమే. మూడోవంతుకు పైగా వెన్నుపూసలో చీలిక కనిపించింది. ఆ రోజుల్లో చాలా వెన్నుపూసలు తెరిచేవారు. 1991 నుంచి సెయింట్ లూయిస్‌లో ఒక్క పూస దగ్గరే తెరిచే పద్ధతి మొదలై, ఇతర చోట్లకూ వ్యాపించింది. ఏ పద్ధతైనా వెన్నును ఏళ్ల తరబడి గమనిస్తూనే ఉండాలి.

తల్లిదండ్రులు అడగవలసినవి

ఒక అమ్మ నన్ను "మా వాడు నడుస్తాడా, అది ఒక్కటి చెప్పండి" అని అడిగింది. అది సహజమైన ప్రశ్నే. కానీ డాక్టరు దగ్గర దాన్ని విడదీసి అడగాలి.

మొదటిది, మా పిల్లవాడు ఐదింటిలో ఏ స్థాయి? రెండు, మూడు స్థాయిల వారు, నెలలు నిండకుండా పుట్టి రెండు కాళ్లలో బిగుతు ఉన్నవారు, కాళ్లలో కొంత బలం ఉన్నవారు దీనికి బాగా తగినవారని అనుభవం చెబుతోంది.

రెండోది, ఇది ఉత్త బిగుతేనా, మెలికలు తిరిగే కదలికలు కూడా ఉన్నాయా? అలాంటి కదలికలే ప్రధానమైతే ఈ ఆపరేషన్ వాటిని తగ్గించదు.

మూడోది, దేని కోసం చేస్తున్నారు? నడక కోసమా, నొప్పి తగ్గడానికా, ఒళ్లు తుడవడం, బట్టలు వేయడం సులభం కావడానికా? లక్ష్యం ముందే కాగితం మీద రాయించుకోండి.

నాలుగోది, ఆపరేషన్ తరువాత ఫిజియోథెరపీ ఎవరు, ఎక్కడ, వారానికి ఎన్నిసార్లు చేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకనిదే డబ్బు కట్టవద్దు. ఉన్న డబ్బంతా ఆపరేషన్‌కే పోసి, తరువాతి రెండేళ్లకు బస్సు చార్జీ కూడా మిగలకపోతే, విత్తనాలకు అప్పు చేసి నీళ్లు పెట్టడం మానేసినట్టే.

ఐదోది, దీనికంటే చిన్న వైద్యంతో సరిపోతుందా? ఇంజక్షను, ప్లాస్టరు కట్టు, స్ప్లింటు, ఎదిగాక ఎముకల ఆపరేషన్, వీటిలో ఏది ఎప్పుడు అన్నది ఒక్కరు కాక, పిల్లల వైద్యుడు, ఎముకల వైద్యుడు, నరాల శస్త్రవైద్యుడు, ఫిజియోథెరపిస్టు కలిసి కూర్చుని చెప్పాలి.

మడమ వెనుక స్నాయువు విషయంలో తొందరపడకండి. మునివేళ్ల నడక పోవాలని చిన్న వయసులోనే దాన్ని ఎక్కువ పొడిగిస్తే, పెద్దయ్యాక మోకాళ్లు వంగిపోయి నడక మరింత కష్టమవుతుంది.

ఆపరేషన్ చేయించినా, చేయించకపోయినా అందరూ చేయించవలసినది ఒకటుంది. అది తుంటి ఎక్స్‌రే. ఈ పిల్లల్లో సుమారు మూడోవంతు మందికి తుంటి కీలు మెల్లగా పక్కకు జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు కనుక తెలియదు. స్వీడన్ దక్షిణ ప్రాంతంలో 1994 నుంచి ప్రతి పిల్లవాడికీ క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీసి, జరుగుతున్న కీలును ముందే పట్టుకున్నారు. అంతకుముందు నూటికి 8 మందికి తుంటి పూర్తిగా తప్పిపోయేది. ఆ ఏర్పాటు వచ్చాక అర శాతానికి దిగింది. ఆ ఎక్స్‌రేకు ఏ బంగారమూ తాకట్టు పెట్టనక్కర్లేదు.

మనకు దగ్గరలో ఉన్నవి

మనం ఎన్నో తరాలుగా వేరు వేరు రాష్ట్రాల్లో స్థిరపడ్డవాళ్లం. ఎక్కడివారికి అక్కడ ఆధారం ఉంది. బెంగళూరులో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఉంది. చెన్నైలో విద్యాసాగర్ ఉంది, నగరం దాటాక ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద పేరు మీద జాతీయ పునరావాస సంస్థ ఉంది. ముంబైలో హాజీ అలీ దగ్గర కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. యానాం వారికి కాకినాడ పక్కనే. ముందు ఇలాంటి చోట పరీక్ష చేయించి, రెండో అభిప్రాయం తీసుకున్నాకే పెద్ద ఆపరేషన్ మాట.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ పేరు స్పష్టంగా ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉంది, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉన్నాయి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా కింద ఏడాదికి 1 లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు రాబట్టుకోవచ్చు, అందులో థెరపీ కూడా ఉంది. ధృవపత్రం చేయించుకోవడానికి సిగ్గుపడకండి. పెళ్లి సంబంధాలకు అడ్డం వస్తుందని అక్క, చెల్లెళ్ల కోసం ఈ బిడ్డను దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాచిన బిడ్డకు వ్యాయామం అందదు, చదువు అందదు.

ఇంకో చిన్న మాట. థెరపీ కేంద్రంలో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చెబుతారు. ఇంట్లో చేయించేది చాలాసార్లు నాయనమ్మో, అమ్మమ్మో. ఆమెకు బాగా వచ్చింది తెలుగే. ఆ వ్యాయామాలను తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించే పని ఇంట్లోని విద్యార్థులు చేయాలి.

విద్యార్థులకు

మీలో కొందరు డాక్టర్లో, ఇంజనీర్లో కావాలనుకుంటున్నారు. చాలా సంతోషం. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాలు, కాలిపర్లు తయారుచేసే ఆర్థోటిక్స్ చదువులు కూడా ఉన్నాయి. నేను చెప్పిన ఓలట్‌పూర్ సంస్థలోనే ఈ మూడు డిగ్రీలూ ఉన్నాయి. మన కుటుంబాల నుంచి ఈ చదువులకు వెళ్లేవారు తక్కువ. ఆపరేషన్ బల్ల మీద కొన్ని గంటలు జరిగే పనికి ముందూ వెనకా ఏళ్ల తరబడి నిలబడేవారు వీరే.

ఏ చదువు చదివినా, కేప్‌టౌన్, స్టాక్‌హోం వారి నుంచి ఒకటి నేర్చుకోండి. చేసిన పని ఫలితం పదేళ్ల, ఇరవై ఏళ్ల తరువాత కూడా వెళ్లి చూసి, బాగున్నది బాగున్నదని, బాగులేనిది బాగులేదని రాశారు. అలా రాయబట్టే ఈరోజు మన తల్లిదండ్రులు సరైన ప్రశ్న అడగగలుగుతున్నారు.

ట్రస్టు పెద్దలకు ఒక మనవి. ఆపరేషన్ సాయం అడిగిన కుటుంబానికి మీరు ఇచ్చేదాంట్లో కొంత భాగం, తరువాతి రెండేళ్ల థెరపీకి, బడికి వెళ్లే ఆటోకు కేటాయించండి. నడక ఎంత వచ్చినా, ఆ పిల్లవాడు బడి మానకూడదు. వాకరుతో కాలేజీకి వెళ్లి డిగ్రీ పుచ్చుకున్న పిల్లను, ఎవరూ పట్టుకోకుండా నడుస్తూ చదువు లేక ఇంట్లో కూర్చున్న పిల్లవాడిని పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి బతుకు ముందుకు నడుస్తోందో మీకే తెలుస్తుంది.

 ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు సభ అయ్యాక సంకోచించకుండా వచ్చి మాట్లాడండి. పిల్లల పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు ఉంటే చూస్తాను.